“వాతావరణం అనుకూలించలేదు” అన్నది సాకేనా? ఇబో దీవికి సరుకులు మోసిన అనుభవంతో నా జవాబు

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. తుఫాను దెబ్బతిన్న చోటికి చిన్న విమానాల్లో సరుకులు చేరవేసేవాళ్లు వాతావరణం బాగా లేకపోయినా ఎగురుతారా అన్నది ఒకటి. జనం ఆకలితో ఎదురుచూస్తుంటే “వాతావరణం అనుకూలించలేదు” అని ఆగిపోవడం సాకు కాదా అన్నది రెండోది. రెండో ముక్కలో మీ కోపం తెలుస్తోంది. ఆ కోపం నాకూ తెలుసు. ఒకరోజు నేను కాక్‌పిట్‌లో కూర్చుని, పక్క సీట్లోని కెప్టెన్ మీద అదే కోపంతో ఉడికిపోయాను. అందుకే జవాబు కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మొదటి ముక్కకు జవాబు: ఎగురుతారు. వానలో ఎగురుతారు, మబ్బుల కింద ఎగురుతారు, గాలి విమానాన్ని చేటలో బియ్యంలా ఎగరేస్తున్నా ఎగురుతారు. ఆకాశం తేటపడేదాకా ఆగుదామంటే తుఫాను తర్వాత వారం రోజులు ఎవరూ ఎక్కడికీ కదలలేరు. రెండో ముక్కకు మాత్రం ఒక్క మాటలో జవాబు లేదు. నేను చూసింది చెబుతాను.

2019లో నేను మొజాంబిక్‌లో ఉన్నాను. మన దేశంలో లైసెన్సు తీసుకున్నాక ఉద్యోగం దొరక్క, విమానం నడిపిన గంటల అనుభవం కోసం ఆఫ్రికాకు వెళ్లి చిన్న సరుకు విమానాలు నడిపిన వాళ్లలో నేనొకణ్ణి. ఆ ఏడాది మార్చి 14 రాత్రి ఇదాయ్ తుఫాను బెయిరా నగరం దగ్గర తీరం దాటింది. బూజీ, పుంగ్వే నదులు పొంగి, పైనుంచి చూస్తే ఏది నేలో ఏది సముద్రమో తెలియకుండా పోయింది. ఆ ఒక్క దేశంలోనే 600 మందికి పైగా చనిపోయారు. మన నౌకాదళం ఓడలు సుజాత, సారథి, శార్దూల్ అక్కడ సహాయానికి వచ్చాయని విన్నప్పుడు దూరదేశంలో ఉన్న నాకు గుండె నిండిపోయింది. సరిగ్గా ఆరు వారాలకు, ఏప్రిల్ 25న, దేశం ఉత్తరపు కొసన కాబో దెల్గాదో రాష్ట్రం మీద కెన్నెత్ విరుచుకుపడింది. ఒకే సీజన్‌లో అంత బలమైన రెండు తుఫాన్లు మొజాంబిక్‌ను తాకడం నమోదైన చరిత్రలో అదే మొదటిసారి. మా విమానాన్ని ఆ రాష్ట్ర రాజధాని పెంబాకు పంపించారు.

పెంబాకు ఉత్తరంగా, విమానంలో అరగంటలోపు దూరంలో ఇబో అనే దీవి ఉంది. ఆరు వేల మంది జనం. పోర్చుగీసు వాళ్ల కాలం నాటి నక్షత్రం ఆకారపు కోట, అందులో కూర్చుని పనిచేసే వెండి కంసాలులు, పగడపు రాళ్లతో కట్టిన పాత ఇళ్లు. చుట్టూ మడ అడవులు. మాది నాగాయలంక వైపు. మొదటిసారి పైనుంచి ఆ మడ అడవులను, వాటి మధ్య పాయలు పాయలుగా పారే బురద నీటిని చూసినప్పుడు మా ఊరి మీదే ఎగురుతున్నట్టు అనిపించింది. కెన్నెత్ ఆ దీవి మీద ఇళ్లలో చాలా భాగాన్ని కూల్చేసింది. నిలబడ్డ గోడలకు కప్పులు లేవు.

తుఫాను పోయింది కానీ వాన పోలేదు. ఇది చాలామందికి తెలియని సంగతి. గాలి ఒక రాత్రిలో దాటిపోతుంది, ఆ తర్వాత రోజుల తరబడి ముసురు పట్టుకుంటుంది. 28వ తేదీ ఆదివారం పెంబా వీధుల్లోనే నీళ్లు కాలువల్లా పారాయి. ఉత్తరానికి వెళ్లే రోడ్లు చాలాచోట్ల తెగిపోయాయి. ఇబోకు పడవ మీద వెళ్లాలంటే సముద్రం పోటు మీద ఉన్నప్పుడే వీలవుతుంది, ఆటు సమయంలో పడవ బురదలో కూరుకుపోతుంది. ఇక మిగిలింది హెలికాప్టర్లు, మాలాంటి చిన్న విమానాలు.

మాది సెస్నా గ్రాండ్ కారవాన్. ఒకే ఇంజను, పైన రెక్క, కింద సరుకు పెట్టుకునే పొడవాటి పెట్టె. మట్టి నేల మీద కూడా దిగగలదు కనుక ఇలాంటి పనులకు దీన్నే ఎక్కువగా వాడతారు. టేకాఫ్‌కు గరిష్ఠ బరువు 3,969 కిలోలు. అందులో విమానం సొంత బరువు, ఇద్దరు మనుషులు, వెళ్లి తిరిగి రావడానికీ దారి మళ్లితే మరో చోటికి చేరడానికీ సరిపడా ఇంధనం తీసేస్తే సరుకుకు మిగిలేది వెయ్యి కిలోలకు అటూ ఇటూ. తడిసిన మట్టి స్ట్రిప్ (విమానం దిగే చదును నేల) మీద దిగాలంటే ఇంకా తగ్గించాలి. మేము 900 కిలోలు పెట్టుకున్నాం.

900 కిలోలంటే ఎంతో మీరే లెక్క చూడండి. కలరా ముదిరి ఒంట్లో నీరు ఇంకిపోయిన 60 కిలోల మనిషిని బతికించాలంటే మూడు గంటల్లో ఆరు లీటర్ల సెలైన్ ఎక్కించాలి. అంటే ఒక రోగికి ఆరు కిలోల బరువు, అదీ మొదటి మూడు గంటలకే. 4 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు ఉండే టార్పాలిన్ పట్టా ఒక్కోటి నాలుగున్నర కిలోల పైమాటే, ఒక కుటుంబానికి కనీసం ఒకటి కావాలి. బియ్యం సంగతి చెప్పనక్కర్లేదు. ఖాళీ నీళ్ల డబ్బాలు మాత్రం బరువుండవు గానీ విమానమంతా అవే నిండిపోతాయి. ఏ ట్రిప్పులో ఏది ఎక్కించాలి, ఏది వదిలేయాలి అని నిర్ణయించే మనిషి రాత్రిళ్లు నిద్రపోయేవాడు కాదు.

నేను చెప్పదలచుకున్న రోజు ఏప్రిల్ ఆఖరున వచ్చింది. తెల్లవారుజామున వాన కాస్త తెరిపి ఇచ్చింది. బస్తాలు విమానం దగ్గరికి వచ్చాయి. కాగితం మీద 50 కిలోల బస్తాలు పది, మిగతాది మందులు, పట్టాలు. నేను కాగితం చూసి లెక్క కట్టేశాను. కెప్టెన్ కెన్యా మనిషి, తొంభైల్లో కెన్యా సరిహద్దు ఊరు లోకిచోగియో నుంచి దక్షిణ సూడాన్‌కు సరుకులు మోసినవాడు. ఆయన కాగితం వైపు చూడలేదు. ఒక బస్తా మీద అరచెయ్యి ఆనించి, చెయ్యి తిప్పి నాకు చూపించాడు. తడి. “కాటా తెప్పించు” అన్నాడు.

తూచాం. మొదటి బస్తా 56 కిలోలు. రెండోది 54. మూడోది 57. రాత్రి గోదాము కప్పు కారి బస్తాలన్నీ నీళ్లు పీల్చుకున్నాయి. కాగితం మీద లేని 60 కిలోలు విమానంలోకి ఎక్కబోయాయి. అరవై కిలోలతో కారవాన్ కూలిపోతుందని కాదు. కానీ తడి నేల మీద దిగి ఆగడానికి పట్టే దూరం, తిరిగి లేవడానికి పట్టే దూరం, ఇంజను కాస్త తడబడితే మిగిలే వెసులుబాటు, అన్నీ కొంచెం కొంచెం తరిగిపోతాయి. చెడ్డ వాతావరణంలో ప్రమాదాలు చాలావరకు ఒక్క పెద్ద తప్పు వల్ల రావు. ఇలాంటి నాలుగు ‘కొంచెం’లు ఒకేచోట కలిసినప్పుడు వస్తాయి.

రెండు బస్తాలు దింపేయమన్నాడు. హమాలీల పెద్ద ఒప్పుకోలేదు. అతని అత్తగారిది ఇబో. దింపిన రెండు బస్తాలనూ రన్‌వే పక్కన నిలబెట్టి, వాటి మీద తన వానకోటు కప్పి, తాను తడుస్తూ నిలబడ్డాడు. మేము ఇంజను వేసినప్పుడు కూడా అలాగే ఉన్నాడు.

బయలుదేరే ముందు కెప్టెన్ నా మోకాలికి కట్టుకున్న ప్యాడ్ మీద మూడు మాటలు రాయించాడు. మబ్బు కింది అంచు 500 అడుగులకంటే కిందికి వస్తే వెనక్కి. ముందు 5 కిలోమీటర్లు కనిపించకపోతే వెనక్కి. కిరింబా దీవి దాటేలోపు ఇబో కోట కనిపించకపోతే వెనక్కి. కింద సంతకం పెట్టమన్నాడు. నాకది చిన్నపిల్లల ఆటలా అనిపించింది, అయినా పెట్టాను. ఇబోలో పైలట్‌ను మబ్బుల్లోంచి కిందికి దించే పరికరాలేవీ లేవు. స్ట్రిప్‌ను కళ్లతో చూసి దిగాల్సిందే. అందుకే ఆ గీతలు.

పదిహేను నిమిషాలు బాగానే వెళ్లాం. ఎడమవైపు తీరం, కుడివైపు సముద్రం, పైన మూతలా మబ్బు. ఆ తర్వాత వాన మొదలైంది. కారవాన్‌కు వైపర్లు ఉండవు. నీళ్లు అద్దం మీద పాకుతూ పైకి పోతాయి, ముందున్నదంతా కరిగిపోయినట్టు కనిపిస్తుంది. సముద్రం బూడిదరంగు, ఆకాశం బూడిదరంగు, రెండింటి మధ్య ఉండాల్సిన గీత చెరిగిపోయింది. ఆ గీత లేకపోతే మనిషి చెవిలోని సమతూకం మోసం చేస్తుంది. విమానం ఒక పక్కకు ఒరుగుతున్నా తిన్నగా పోతున్నట్టే ఉంటుంది. ఎంత అనుభవం ఉన్నా ఒంటిని నమ్మకూడదు, పరికరాలనే నమ్మాలి.

కుడి రెక్కకున్న రాడార్ మా ముందు ఎర్రటి మచ్చ ఒకటి చూపించింది. దాని వెనక నల్లగా, ఖాళీగా ఉంది. “అదిగో, అది దాటితే తేటగా ఉంది” అన్నాను. కెప్టెన్ తల అడ్డంగా ఊపాడు. తర్వాత వివరించాడు: ముందున్న కుండపోత వాన రాడార్ తరంగాలను మింగేస్తుంది, దాని వెనకున్నది తెర మీదికి రాదు. నల్లగా కనిపించేది ఖాళీ స్థలం కావచ్చు, ఉరుములు మెరుపులతో కుండపోత కురిపించే ఇంకో పెద్ద క్యుములోనింబస్ మేఘం కావచ్చు. తెరకు తెలియదు. ఇలా ఎర్రమచ్చ వెనక నలుపును చూసి దారి ఉందని నమ్మి వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్న వాళ్లున్నారు.

మచ్చను తప్పించి సముద్రం వైపు నుంచి వెళ్లాం. 700 అడుగులు. 600. కిరింబా దీవి కొబ్బరి చెట్లు కింద నుంచి జారిపోయాయి. 500. ముందు నీళ్ల తెర. అందులో ఏదో నల్లటి ఆకారం లీలగా తోచింది. కోట గోడే అనుకున్నాను. ఇప్పటికీ అది కోటే అయి ఉంటుందనుకుంటాను. “కనిపించింది, ఇంకో రెండు నిమిషాలు” అని అరిచాను. ఆయన గొంతు పెంచలేదు. “నీ మోకాలి మీద ఏం రాసుందో చదువు” అన్నాడు.

చదివాను. నా సంతకం నాకే కనిపించింది. ఆయన అప్పటికే మెల్లగా కుడివైపు, సముద్రం మీదికి, విమానాన్ని తిప్పుతున్నాడు.

తిరుగు దారంతా నేను ఆయనతో మాట్లాడలేదు. మా అమ్మమ్మ గుర్తొచ్చింది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో ఆమె తాటిచెట్టు పట్టుకుని బతికింది. తర్వాతి రోజుల గురించి చెప్పేటప్పుడు ఆమె నీళ్ల గురించి అంతగా చెప్పేది కాదు. “మోత వినపడేదిరా. అందరం లేచి చేతులూపేవాళ్లం. మోత దూరమైపోయేది” అనేది. నా చిన్నప్పటి నుంచి ఆ మాట నాలో ఉంది. నేను ఈ పనిలోకి వచ్చిందే ఆ మాట వల్ల అని కూడా చెప్పొచ్చు. ఇప్పుడు ఆ దూరమైపోయే మోత నా విమానానిదే.

పెంబాలో దిగాక కెప్టెన్ నన్ను రెక్క కింద కూర్చోబెట్టి ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. “స్ట్రిప్ మధ్యలో మన ముందు చక్రం బురదలో దిగబడితే, ఆ తర్వాత ఆ దీవికి ఎవరు వెళ్తారు?”

నాకు అంతవరకు తట్టని విషయం అది. నేను ఆలోచించింది మా ఇద్దరి ప్రాణాల గురించి. ఆ లెక్కలో నేను వెళ్లడానికే సిద్ధపడ్డాను, అందుకే నాది ధైర్యమనీ ఆయనది పిరికితనమనీ అనుకున్నాను. ఆయన లెక్క వేరు. ఇబోకు ఉన్నది ఒకటే స్ట్రిప్. నాలుగు టన్నుల విమానం దాని నడిమధ్య కూరుకుపోతే లాగడానికి అక్కడ ట్రాక్టరు కూడా లేదు. ఇంకే విమానమూ దిగలేదు. పడవలు పోటు కోసం ఆగాలి. హెలికాప్టర్లు సరుకు దించడం మానేసి ముందు మమ్మల్ని కాపాడటానికి రావాలి. మేము తెచ్చిన 900 కిలోలు అందేవి, ఆ తర్వాత రావాల్సిన టన్నులన్నీ ఆగిపోయేవి. సహాయం తెచ్చినవాళ్లమే ఆ దీవికి ఉన్న ఒక్క దారినీ మూసేసేవాళ్లం.

మర్నాడు ఉదయం మబ్బు 1,500 అడుగులకు లేచింది. ఆగకుండా వెళ్లాం. స్ట్రిప్ మీద ఒకసారి కిందుగా ఎగిరి చూశాం. మేకల్ని తోలడానికీ, నేల ఎలా ఉందో చూడటానికీ ఇలా ఒక చుట్టు వేయడం అలవాటు. తర్వాత దిగాం. బురద విమానం పొట్ట కింది పెట్టెకు టపటపా కొట్టుకుంది. ఆగేసరికి యాభై అరవై మంది అక్కడే ఉన్నారు. వెనక తోకకు ఆసరా కర్ర పెట్టి తలుపు తీశాం. ఈ విమానం తలుపు వెనక ఉంటుంది. తొందరలో జనం బరువంతా అక్కడికి లాగితే తోక నేలకు ఆనుతుంది, అందుకే ఆ కర్ర.

సరుకు దిగుతుంటే ఒక బడిపంతులు నా దగ్గరికి వచ్చారు. నాకు వచ్చిన కాస్త పోర్చుగీసులో అర్థమైంది ఇది: “నిన్న మీ విమానం మోత విన్నాం.”

నేను తల దించుకున్నాను. క్షమించమని చెప్పబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని స్ట్రిప్ సగం దూరం నడిపించుకుని వెళ్లారు. అక్కడ నేల పల్లంగా ఉంది. నిన్న అక్కడ పిక్కల దాకా నీళ్లున్నాయని తన కాలి మీద చేత్తో గీత గీసి చూపించారు. మేము దిగి ఉంటే విమానం వేగం సగానికి తగ్గేచోటు సరిగ్గా అదే. ఇప్పుడు ఆ పల్లం నుంచి మడ అడవి వైపు కొత్తగా తవ్విన కాలువ ఉంది. అందులో ఎర్రటి నీళ్లు ఇంకా పారుతున్నాయి. మోత విన్నాక, ఎవరో రావాలని చూస్తున్నారని తెలిసి, సాయంత్రం నుంచి తవ్వారట. ఊళ్లో రెండే పారలు దొరికాయట. మిగతావాళ్లు ఇళ్ల మీంచి ఎగిరిపోయిన రేకుల్ని మడిచి, వాటితో మట్టి తోడారు. కాలువ గట్టు మీద ఆ రేకులు వరసగా పడున్నాయి. కొన్నింటి అంచులకు గుడ్డపేలికలు చుట్టి ఉన్నాయి, చేతులు తెగకుండా.

కాబట్టి మీరు వార్తలో “వాతావరణం అనుకూలించలేదు” అని చదివినప్పుడు అది నిజమా సాకా అని తేల్చుకోవడానికి నేనైతే వేరే ప్రశ్నలు వేస్తాను. తెరిపి ఇచ్చిన మరుక్షణం బయలుదేరేలా సరుకు తూచి, పొడిగా, విమానం పక్కనే సిద్ధంగా ఉంచారా? ఇంధనంలో నీళ్లు చేరాయేమో చూశారా? దిగే చోట నేల గురించి చెప్పే మనిషి ఒకరు ఫోనులో దొరుకుతున్నారా? ఇవన్నీ చేసి ఆగితే అది ఆగడం కాదు, కాచుకుని కూర్చోవడం. ఇవేవీ చేయకుండా ఆకాశం మీద నెపం వేస్తే మీ కోపం న్యాయమే, నేనూ మీతోనే ఉంటాను. మా గోదాము కప్పు కారడం కూడా అలాంటి తప్పే. ఆ నీళ్లకు తుఫాను కారణం కాదు, పట్టా కప్పకపోవడం కారణం. ఇంకొక మాట, విజయవాడ సింగ్‌నగర్‌లో 2024 వరదలప్పుడు డ్రోన్లతో ఆహారం అందించడం చూసి ఇక విమానాలెందుకు అని కొందరు అడుగుతున్నారు. మేడల మీద చిక్కుకున్నవాళ్లకు పొట్లాలు అందించడానికి అవి బంగారంలాంటివి. సముద్రం దాటి 900 కిలోలు మోయడానికి మాత్రం ఇంకా కారవాన్ లాంటిదే కావాలి.

ఆ రోజు ఇబోకు మూడు ట్రిప్పులు వేశాం. రెండో ట్రిప్పుకు హమాలీల పెద్ద అన్నిటికంటే ముందు ఆ రెండు బస్తాలనే తెచ్చి కాటా మీద పెట్టాడు. ఎండకు కాస్త ఆరి 53, 52 తూగాయి. మూడోసారి దిగేసరికి స్ట్రిప్ పక్కన కాలువ ఇంకో పది గజాలు సాగింది. మా విమానం ఆగేదాకా తవ్వడం ఆపి నిలబడ్డారు, ఆగగానే కొందరు సరుకు వైపు వచ్చారు, మిగతావాళ్లు మళ్లీ రేకులు అందుకున్నారు.